ఆ వేసవంతా పికార్డ్ గొడవే

1990 దాకా అమెరికాలో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష నౌక సీరియల్ అభిమానులంటే రెండు పార్టీలు. కర్క్ పార్టీ, పికార్డ్ పార్టీ. మన దగ్గర రామారావు అభిమానులూ నాగేశ్వరరావు అభిమానులూ ఉండేవాళ్ళే, అచ్చం అలాగ. ఒకే హోటల్లో టీ తాగుతారు గానీ ఒకే బల్ల దగ్గర కూర్చోరు. 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లు నడిచి ఆగిపోయిన పాత సీరియల్లో కెప్టెన్ కర్క్ ఉండేవాడు. విలియం షాట్నర్ వేశాడు. చొక్కా చిరిగేదాకా కలబడటం, ఊరికో అమ్మాయి, చివర్లో ఓ ఉపన్యాసం. 1987 సెప్టెంబరులో దానికి కొనసాగింపుగా 'నెక్స్ట్ జనరేషన్' మొదలై, కొత్త కెప్టెన్ పికార్డ్‌గా పాట్రిక్ స్టివార్ట్ వచ్చేసరికి పాతకాపులకి ఒళ్ళు మండిపోయింది. బట్టతల, ఫ్రెంచి పేరు, బ్రిటిష్ యాస, చేతిలో ఎర్ల్ గ్రే టీ. ఏదైనా గొడవ వస్తే కొట్టడు, మీటింగు పెడతాడు. మొదటి రెండు సీజన్లూ వాళ్ళ ఎగతాళికి తగ్గట్టే ఉన్నాయని పికార్డ్ పార్టీ వాళ్ళు కూడా లోలోపల ఒప్పుకునేవాళ్ళు.

పుట్టుక రీత్యా నేనూ కర్క్ పార్టీయే. ఎనభైల నడిమిలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం పాత స్టార్ ట్రెక్ వచ్చేది. హైదరాబాదులో పెద్దనాన్నగారింట్లో చాపమీద కూర్చుని చూసేవాళ్ళం. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు, కర్క్ పక్కనుండే గ్రహాంతరవాసి స్పాక్ కోసు చెవులు పూర్తిగా అర్థమయ్యేవి. 1989లో ఎమ్మెస్ చేయడానికి ఒహాయోలో ఒక యూనివర్సిటీ ఊళ్ళో దిగాక తెలిసింది, ఈ సీరియల్‌కి కొత్త అవతారం ఒకటుందని, దాన్ని తిట్టడానికి పెద్ద జనాభా ఉందని.

ఆ జనాభాలో ఒకడు మా ల్యాబులో నా పక్క డెస్కు అమెరికన్. కర్క్ ఎపిసోడ్లు మొత్తం కంఠతా వచ్చు. పికార్డ్‌ని "లైబ్రేరియన్" అనేవాడు. రెండోవాడు నా రూమ్మేటు, నెల్లూరువాడు, సివిల్‌లో పీహెచ్‌డీ. వాడికి సైన్స్ ఫిక్షన్ అంటే చిన్నపిల్లల వ్యవహారం. కానీ వాళ్ళ నాన్నకి పద్యనాటకాల పిచ్చి. రాయబారం పద్యాలు హార్మోనియం మీద వింటూ పెరిగినవాడు. ఒక శనివారం నేను టీవీ పెడితే వంట చేస్తూ తల తిప్పకుండానే అడిగాడు, "ఎవుర్రా ఆ మాట్లాడేది? స్టేజీ గొంతు అది." స్టివార్ట్ రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో ఏళ్ళ తరబడి నాటకాలు ఆడినవాడని నాకూ అప్పటికి తెలీదు. వీడు గరిటె పట్టుకునే పట్టేశాడు. ఆ రోజు నుంచీ కథ ఎలా ఉన్నా ఆ గొంతు కోసం చూసేవాడు. ఫేజర్ తుపాకులు, కాంతికంటే వేగంగా పోయే వార్ప్ డ్రైవు వచ్చినప్పుడు లేచి వెళ్ళి అన్నం చూసుకునేవాడు.

ఇక ఆ ఎపిసోడ్. మూడో సీజన్ ఆఖరుది, 'ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్'. 1990 జూన్ 18తో మొదలైన వారంలో వచ్చింది. వారంలో అని ఎందుకంటున్నానంటే, ఈ సీరియల్‌కి పెద్ద నెట్‌వర్కు లేదు. పారామౌంట్ వాళ్ళు ఊరూరా ఉన్న లోకల్ స్టేషన్లకి నేరుగా అమ్మేవాళ్ళు. ఏ రోజు, ఏ వేళ వేసుకోవాలో ఆ స్టేషన్ ఇష్టం. ఒక ఊళ్ళో శనివారం సాయంత్రం వస్తే ఇంకో ఊళ్ళో సోమవారం రాత్రి. మాకు శనివారం. ఈ తేడా వల్ల తర్వాత జరిగిన గొడవలు చాలా ఉన్నాయి.

అప్పటికి బోర్గ్ అనే శత్రువుల్ని ఒక్కసారే చూశాం, 1989 మే నెల ఎపిసోడ్‌లో. సగం మనిషి, సగం యంత్రం. పేరుండదు, కోపముండదు, బేరముండదు. పట్టుకున్నవాణ్ణి చంపరు, తమలో కలిపేసుకుంటారు. వాళ్ళు మళ్ళీ వస్తారని ఏడాదిగా అందరూ ఎదురుచూస్తున్నదే. వచ్చారు. మొదటి సీన్లోనే ఒక ఊరు ఊరంతా లేదు, ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి. తర్వాత షెల్బీ అనే చురుకైన ఆఫీసరు వస్తుంది, ఎలిజబెత్ డెనహీ వేసింది. వచ్చీ రాగానే, పికార్డ్ తర్వాతి స్థానంలో 'నంబర్ వన్'గా ఉన్న రైకర్ కుర్చీ మీద కన్నేస్తుంది. రైకర్‌కేమో వేరే ఓడకి కెప్టెన్‌గా వెళ్ళే అవకాశం ముచ్చటగా మూడోసారి వచ్చింది, వెళ్ళడు. ఎందుకు వెళ్ళట్లేదో వాడికే తెలీదు. ఇదంతా నడుస్తుండగా బోర్గ్ వాళ్ళు ఓడని నడిపే గది, బ్రిడ్జి మీదికే వచ్చి పికార్డ్‌ని ఎత్తుకుపోతారు.

వెతకడానికి వెళ్ళినవాళ్ళకి ఒక అరలో ఆయన యూనిఫాం దొరుకుతుంది. అంతే. బట్టలు ఉన్నాయి, మనిషి లేడు. కాసేపటికి మనిషి కనిపిస్తాడు. మొహం పాలిపోయి, ఒక కన్ను మీద యంత్రం, దాంట్లోంచి సన్నటి ఎర్ర లేజరు కిరణం తిన్నగా మన కంట్లోకి. ఆ గొంతే, కానీ ఎత్తుపల్లాలు లేవు. నా పేరు లోక్యూటస్, మీ బతుకు ఇంతటితో సరి, ఇకనుంచి మాకు పనిచేస్తారు అని చెప్తాడు. రాన్ జోన్స్ సంగీతం కోరస్‌తో పైకి లేస్తుంది. రైకర్ మొహం దగ్గరికి వస్తుంది కెమెరా. ఆయుధాలు చూసే వార్ఫ్‌కి ఆజ్ఞ ఇస్తాడు. "మిస్టర్ వార్ఫ్, ఫైర్." తెర నల్లబడి 'టు బి కంటిన్యూడ్'.

మా అపార్టుమెంటులో ఆ వేళ ఏడెనిమిది మందిమి ఉన్నాం. గరాజ్ సేల్‌లో కొన్న టీవీ, దాని కొమ్ములకి అల్యూమినియం ఫాయిలు. కిందటి వారం ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి అయిపోవస్తోంది. ఎవరూ కంచాల్లో చెయ్యి కదపలేదు. మా సీనియర్ ఒకాయన, అందరం గురువుగారు అని పిలిచేవాళ్ళం, లేచి వెళ్ళి టీవీ నెత్తిన ఒక్కటి చరిచాడు, బొమ్మ ఆగిపోయిందేమో అనుకుని. ఆ తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన తిట్టు ఇక్కడ రాయను. తర్వాతి భాగం ఎప్పుడంటే సెప్టెంబరు ఆఖర్లో.

నా రూమ్మేటు మాత్రం కంచం పట్టుకుని గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. "గొంతు తీసేశార్రా," అన్నాడు. "మనిషిని వదిలేసి గొంతు తీసుకున్నారు."

సోమవారం ల్యాబుకి వెళ్తే మా కర్క్ భక్తుడు మాట్లాడటం లేదు. మధ్యాహ్నం దాకా ఆగి, "కర్క్‌ని ఎప్పుడూ ఇలా చేయలేదు," అన్నాడు. అది అభియోగమో ఒప్పుకోలో నాకు అర్థం కాలేదు. లైబ్రేరియన్ అన్న మాట మళ్ళీ వాడి నోట వినలేదు. ఊరంతా ఇదే వరస. కాఫీ షాపులో, లాండ్రీలో, బస్టాపులో ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఆపి, చూశావా అనేవాళ్ళు. ఇక్కడి జనం దీన్ని 1980లో 'డాలస్' సీరియల్లో జేఆర్‌ని కాల్చిందెవరన్న గొడవతో పోల్చేవాళ్ళు. స్టివార్ట్ తర్వాత చెప్పాడు, ఆ రోజుల్లో ఆయన కారులో పోతుంటే పక్క కారువాళ్ళు అద్దం దించి, మా వేసవి పాడు చేశావు కదయ్యా అని అరిచేవాళ్ళట.

మాకు వారపత్రికల సీరియళ్ళ మీద పెరిగిన అనుభవం ఉంది కాబట్టి సశేషం కొత్త కాదు. కానీ అక్కడ వారం. మరీ అయితే పండగ ప్రత్యేక సంచికకని ఒక వారం దాటేస్తారు. ఇది మూడు నెలలు. పైగా ఇందులో కథలో ఉన్న అనుమానం కంటే కథ బయట ఉన్న అనుమానం పెద్దది. స్టివార్ట్ మానేస్తున్నాడని, కాంట్రాక్టు తెగలేదని పుకారు. అది నిజమైతే పికార్డ్ పోయినట్టే. రైకర్ కెప్టెన్, షెల్బీ నంబర్ వన్, కొత్త సీజన్ సిద్ధం. ఎపిసోడ్‌ని మళ్ళీ మళ్ళీ చూస్తే దానికి తగ్గట్టే ఉంది. నీకు కెప్టెన్ కుర్చీ ఎందుకొద్దు అని రైకర్‌ని ప్రతివాళ్ళూ అడగటం, యుద్ధం ముందు పికార్డ్ ఓడంతా తిరిగి చూసుకోవటం, ట్రఫాల్గర్ యుద్ధం ముందు ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ కూడా ఇలాగే తిరిగాడని ఓడలో బారు నడిపే గైనన్‌తో చెప్పటం. నెల్సన్ ఆ యుద్ధం గెలిచాడు, ప్రాణం పోయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను టేపు చేశాను. ఆరు గంటలు పట్టేలా ఎస్‌ఎల్‌పీలో పెట్టి, ప్రకటనలొచ్చినప్పుడల్లా పాజ్ నొక్కుతూ. ఆ క్యాసెట్ ఆ వేసవిలో మా కాంప్లెక్సులో ఎన్ని ఇళ్ళు తిరిగిందో. యూనిఫాం ఉన్న అర దగ్గర ఆపి చూసేవాళ్ళు, లేజరు దగ్గర ఆపి చూసేవాళ్ళు. ఆపిన చోటల్లా టేపు అరిగి, ఆగస్టు వచ్చేసరికి లోక్యూటస్ మొహం మీద తెల్ల గీతలు పారేవి. బోర్గ్ మేకప్పులో అదీ భాగమే అనుకోవచ్చు.

రాత్రిపూట కంప్యూటర్ సెంటర్‌లో పచ్చ అక్షరాల టెర్మినళ్ళ దగ్గర యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చావేదికలో ఇంకో కొలిమి మండేది. దేశంలోని యూనివర్సిటీల్లో, కంపెనీల్లో ఉన్న పిచ్చోళ్ళంతా అక్కడే. ఒక ఊళ్ళో ముందు, ఇంకో ఊళ్ళో వెనక వస్తుంది కదా, అందుకని వాళ్ళలో వాళ్ళకొక మర్యాద ఉండేది. కథ బయటపెట్టే ముందు ఒక ప్రత్యేక అక్షరం పెడితే తెర అక్కడ ఆగిపోతుంది, చూడదలుచుకున్నవాడు మీట నొక్కి ముందుకెళ్తాడు. గడప దగ్గర చెప్పు విడిచినంత నిష్ఠగా పాటించేవాళ్ళు దాన్ని. పాటించని వాణ్ణి చీల్చి చెండాడేవాళ్ళు. ఇంజినీరింగు వాదనలు అన్నిటికంటే ఎక్కువ. ఓడ సిబ్బందిలో జోర్డీ, వెస్లీ కలిసి, దారిలో అడ్డొచ్చేవాటిని పక్కకి నెట్టే డిఫ్లెక్టర్ డిష్‌ని ఆయుధంగా మార్చారు కదా, అది పేలితే బోర్గ్ ఓడ మిగులుతుందా, పికార్డ్ బుర్రలో ఈ సంగతి ఉంది కదా, బోర్గ్‌కి ముందే తెలిసిపోదా? ఈ చివరి మాటే నిజమైంది. ఎవడో కాలేజీ కుర్రాడు జూన్‌లోనే రాశాడు, జనం నవ్వారు.

తమాషా ఏమిటంటే, మేమంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకి రాసినాయన దగ్గర కూడా అప్పటికి జవాబు లేదు. మైకేల్ పిల్లర్ మొదటి భాగం రాసేటప్పుడు రెండో భాగం ఎలా ముగించాలో ఆలోచించలేదు. ఆ ఉద్యోగంలో ఉంటానో మానేస్తానో తనకే తెలియని పరిస్థితి. వెళ్ళాలా ఉండాలా అని రైకర్ కొట్టుమిట్టాడేదంతా ఆయన సొంత గొడవేనని తర్వాత ఆయనే చెప్పాడు. ఇది తెలిశాక మళ్ళీ చూస్తే రైకర్ మీద జాలి కలుగుతుంది. అంతకుముందు నాకు రైకర్‌లో గడ్డం తప్ప ఏమీ కనిపించేది కాదు.

మా అపార్టుమెంటులో సిద్ధాంతాలు వేరే. గురువుగారిది విఠలాచార్య సిద్ధాంతం. మాంత్రికుడు రాకుమారుణ్ణి చిలకని చేసి నెత్తిన మేకు దిగ్గొట్టాడు, ఆ మేకు ఎవడో పీకుతాడు, పీకగానే రాకుమారుడు, అంతకుమించి ఇందులో ఏమీ లేదు అనేవాడు. ఇంకొకడు రైకర్ పేల్చేస్తాడు, పికార్డ్ పోతాడు, నాలుగో సీజన్ చూడక్కర్లేదు అని తేల్చేశాడు. మా నెల్లూరువాడు ఒకనాడు చపాతీలు ఒత్తుతూ అన్నాడు:

"లోపలున్నోడే చెప్తాడు చూడండబ్బా. భీష్ముణ్ణి ఎట్టా పడగొట్టాల్నో ఎవురు చెప్పారు? భీష్ముడే గదా."

"ఆయన పాండవుల మీద ప్రేమతో చెప్పాడు. వీడికి ప్రేమా దోమా లేదు, యంత్రం," అన్నాడు గురువుగారు.

"యంత్రానికి అంత గొంతు ఎందుకు మరి? ఆ గొంతు కింద ఆయన ఉండాడు."

ఎవరూ పట్టించుకోలేదు. చపాతీలు మాత్రం తిన్నాం.

ఆ జూన్ ఆఖర్లోనే, హబుల్ టెలిస్కోపు అద్దం తప్పుగా అరగదీశారని నాసా ఒప్పుకుంది. ల్యాబులో అందరూ పికార్డ్‌ని పక్కనపెట్టి రెండు రోజులు దాని మీద పడ్డారు. మళ్ళీ మామూలే. ఆగస్టు 2న మాత్రం మామూలు ఆగిపోయింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది.

మా రూమ్మేటు బావ కువైట్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపరు. అక్క, పిల్లలు నెల్లూరులో. మన కడప, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి ఎంతమంది వెళ్ళారో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫోన్లు లేవు. ఇండియాకి కాల్ చేద్దామంటే నిమిషానికి డాలర్లు కరిగిపోతాయి, చేసినా అవతల అక్క ఏడుపు తప్ప సమాచారం ఉండదు. టీవీ అదే, అల్యూమినియం ఫాయిలు అదే, ఇప్పుడు దాంట్లో రోజూ సాయంత్రం వార్తలు. ఎడారి, టాంకులు, జోర్డాన్ సరిహద్దులో గుడారాలు. వాడు ఆ గుడారాల మధ్య నడిచే మనుషుల్ని టీవీకి జానెడు దూరంలో కూర్చుని చూసేవాడు, బావ నడక కనపడుతుందేమోనని. పికార్డ్ గురించి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు ఆ నెలంతా.

ఆ రోజుల్లో కువైట్, ఇరాక్‌ల నుంచి లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళని వెనక్కి తెచ్చారు. చాలామందిని అమ్మాన్ దాకా బస్సుల్లో, అక్కడ్నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయికి. వాళ్ళలో వీడి బావ కూడా ఉన్నాడని సెప్టెంబరు నడిమిలో టెలిగ్రాం వచ్చింది. ఆ రాత్రి గురువుగారు ఖర్చుకి వెనకాడకుండా పార్టీ ఇచ్చాడు. వాడు పార్టీలో తాగలేదు, తినలేదు, నిద్రపోయాడు. ఆగస్టు నుంచి సరిగ్గా పడుకున్నది అప్పుడే.

రెండో భాగం సెప్టెంబరు 24 వారంలో వచ్చింది. మా ఇంటికి జూన్‌లో కంటే ఎక్కువ జనం. ఏం జరిగిందో చాలామందికి తెలిసే ఉంటుంది. డిష్ ఆయుధం తుస్సుమంది, పికార్డ్‌కి తెలిసిందంతా బోర్గ్‌కి తెలుసు. వోల్ఫ్ 359 అనే నక్షత్రం దగ్గర నలభై ఓడలు వాళ్ళని ఆపడానికి నిలబడ్డాయి. ఆ యుద్ధాన్ని మాకు చూపించలేదు. పికార్డ్ ఓడ ఎంటర్‌ప్రైజ్ అక్కడికి చేరేసరికి మిగిలింది శిథిలాలు. గదిలో సగంమంది గోల, మూడు నెలలు ఆపి యుద్ధం చూపించరా అని. తర్వాత ఓడలోని మరమనిషి డేటా, వార్ఫ్ వెళ్ళి లోక్యూటస్‌ని ఎత్తుకొస్తారు. డేటా తన తీగల్ని ఆయన తీగలకి కలుపుతాడు. ఆయన చెయ్యి మెల్లగా కదిలి డేటా చేతిని పట్టుకుంటుంది. నిద్ర, అంటాడు. నిద్రపొమ్మన్న ఆజ్ఞ వెళ్తుంది, బోర్గ్ అంతా నిద్రపోతుంది, ఓడ పేలిపోతుంది.

ఆ ఆజ్ఞ వినగానే గదిలో అందరి తలలూ ఒక్కసారి వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. వాడు అక్కడ నిలబడి ఉన్నాడు. గురువుగారు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "భీష్ముడేరా. ఒప్పుకున్నాం."

వాడు నవ్వలేదు. వాడు చూస్తున్నది వేరే. మధ్యలో ఎక్కడో ఒక షాట్ ఉంది, బోర్గ్ వాళ్ళు పికార్డ్‌కి ఇంకా ఏవో తగిలిస్తుంటే ఆయన కంట్లోంచి ఒక్క బొట్టు జారుతుంది. ఆ బొట్టు తర్వాత వాడికి డిష్షూ ఓడలూ పట్టలేదు.

అభిమానుల తీర్పు రెండుగా చీలింది. మా అమెరికన్ మిత్రుడు, పార్టీ మార్చిన కొత్తలో అందరికీ ఉండే ఉత్సాహంతో, బ్రహ్మాండం అన్నాడు. చాలామంది మాత్రం జూన్‌లో పెంచిన కొండకి ఈ ఎలుకా అన్నారు. నాకూ మొదటి భాగమే గొప్పది. మూడు నెలలు లక్షలమంది కలిసి ఊహించుకున్న రెండో భాగం ముందు టీవీలో వచ్చే ఏ రెండో భాగమైనా తేలిపోతుంది. అయితే ఆఖరి షాట్ ఒకటి నాకు అప్పుడు ఎందుకో నచ్చలేదు. అంతా అయిపోయాక పికార్డ్ తన గదిలో కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తుంటాడు. గెలిచినవాడి మొహం కాదు. ఇదేం ముగింపు, ఇంకో వాక్యం రాయాల్సింది కదా అన్నాను.

"అయిపోలా ఇంకా," అన్నాడు నెల్లూరువాడు. "ఆ ఓడల్లో పొయినోళ్ళ పెళ్ళాం బిడ్డలు ఉంటారు గదరా. వాళ్ళకి ఈయన ఎవురు? కెప్టెన్ పికార్డా, చంపినోడా? ఎవురన్నా వచ్చి అడగాల గదా."

సీరియల్లో అవన్నీ ఉండవురా, వచ్చే వారం కొత్త కథ అన్నాను. అప్పటి సీరియళ్ళు అంతే కూడాను. కిందటి వారం గుండెలో కత్తి దిగినవాడు ఈ వారం పేకాడుతుంటాడు.

వచ్చే వారం కొత్త కథ రాలేదు. 'ఫ్యామిలీ' అని వచ్చింది, రొనాల్డ్ మూర్ రాశాడు. ఓడ మరమ్మతుల్లో ఉంది. పికార్డ్ ఫ్రాన్స్‌లో తమ ఊరు లబార్‌కి వెళ్తాడు, ద్రాక్షతోట చూసుకునే అన్న దగ్గరికి. ఇటు ఓడలో వార్ఫ్‌ని పెంచిన అమ్మానాన్నలు కొడుకుని చూడటానికి వస్తారు. వాడు సిగ్గుతో చచ్చిపోతుంటాడు, వాళ్ళు ఇంజన్లు చూసి మురిసిపోతుంటారు. బోర్గ్ లేదు, తుపాకి లేదు, బ్రిడ్జి మీద ఒక్క సీనూ లేదు. మొత్తం సీరియల్లో డేటా అసలు కనిపించని ఎపిసోడ్ ఇదొక్కటే. మర్నాడు ల్యాబులో నిట్టూర్పులు. ఏమీ జరగలేదు, వారం దండగ, ఇది స్టార్ ట్రెక్కా సోప్ ఒపేరానా అని.

మా ఇంట్లో ఆ శనివారం ఇద్దరమే ఉన్నాం. గుమిగూడే జనం పలచబడ్డారు, గురువుగారికి పరీక్షలు. ఆ వారమే వాళ్ళక్క ఏరోగ్రాం వచ్చింది. బావ చిక్కిపోయాడు, ఒంట్లో బాగానే ఉంది, మాట్లాడడు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటే రాత్రి దాకా అక్కడే. కువైట్ నుంచి వచ్చాడని ఊళ్ళోవాళ్ళు చూడటానికి వస్తారు, ఎట్టా బయటపడ్డావు అని అడుగుతారు, అందరికీ అదొక్కటే కావాలి. ఆయన మొహం తిప్పుకుంటాడు. పిల్లలు దగ్గరికి పోవడానికి జంకుతున్నారు. ఉత్తరం మధ్య మడతలో కూడా సన్నగా రాసింది అక్క, ఖాళీ వదలకుండా.

ఎపిసోడ్‌లో అన్నదమ్ములిద్దరూ తోటలో మాటామాటా పెరిగి కలబడతారు. బురదలో దొర్లుతారు. ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు నవ్వుతూనే పికార్డ్ ఏడుస్తాడు. నన్ను వాడుకుని చంపించారు, ఆపలేకపోయాను, ఆపగలిగి ఉండాల్సింది, నా బలం చాల్లేదు అంటాడు. అంత పెద్ద కెప్టెన్, బురద కారుతున్న మొహంతో. అన్న ఓదార్చడు. ఇది నీతో చాలాకాలం ఉంటుంది అని మాత్రం చెప్తాడు.

మా వాడు టీవీ కట్టేసి, ఎంత ఖర్చయితే అయిందని నెల్లూరుకి ఫోన్ కలిపాడు. పక్కింటివాళ్ళ ఫోన్ అది, పీపీ నంబరు. అక్కడ తెల్లవారుతోంది. అక్కని కాదు, బావని పిలవమన్నాడు. ఆయన వచ్చేదాకా లైను పట్టుకుని ఉన్నాడు, మీటరు తిరుగుతూనే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను గానీ గోడలు పల్చన. ఎట్టా వచ్చావు, ఏం చూశావు అని ఒక్క ముక్క అడగలేదు వాడు. వానలు పడినాయా, వరి నాట్లు ఎందాకా వచ్చినాయి, పెద్దోడు బళ్ళో ఎట్టా చదువుతుండాడు, ఇవే. మధ్యలో చాలాసేపు ఏ శబ్దమూ లేదు. ఆ తర్వాత వీడు "ఊఁ బావా, ఊఁ" అంటూ వింటూనే ఉన్నాడు. ఆ నెల ఫోన్ బిల్లు గురువుగారికి చూపిస్తే, ఇది కువైట్ నుంచి విమానం ఛార్జీలా ఉందే అన్నాడు.

1991 ఏప్రిల్‌లో 'ద డ్రమ్‌హెడ్' వచ్చింది. ఒక అడ్మిరల్ పికార్డ్‌ని విచారణ బల్ల ముందు కూర్చోబెట్టి అడుగుతుంది, ముప్పై తొమ్మిది ఓడలు, దాదాపు పదకొండు వేల ప్రాణాలు, నీకు రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోంది అని. వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగిపోయింది. "అడిగింది," అన్నాడు. "అయితే ఈమె పొయినోళ్ళ మనిషి కాదు. రాజకీయం కోసం అడగతా ఉంది. ఇది లెక్కలోకి రాదు."

తర్వాత నేను ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చేశాను, వాడు పీహెచ్‌డీ ముగించుకుని టెక్సాస్ వెళ్ళాడు. పండగకో ఫోను. 1993 జనవరిలో 'డీప్ స్పేస్ నైన్' అని కొత్త స్టార్ ట్రెక్ మొదలైంది. అదీ లోకల్ స్టేషన్ల మీదే, ఊరికో రోజు. మా ఊళ్ళో ఇంకా రాలేదు. ఒక రాత్రి ఫోను మోగింది. హలో కూడా లేదు.

"ఒరే, చూపించార్రా! వోల్ఫ్ 359! మొత్తం యుద్ధం చూపించారు!"

"మాకింకా రాలేదురా. చెప్పకు."

"చెప్పనులే. సిస్కో అని ఒకడుంటాడు..."

"చెప్పకు అన్నానా!"

"...వాడి పెళ్ళాం ఆ ఓడల్లో పోయిందిరా, శారటోగా అనే ఓడ. మూడేళ్ళ తర్వాత పికార్డ్ ఎదురుగా కూర్చుంటాడు. మనం ముందే కలిశాం, యుద్ధంలో, అంటాడు. అంతే అంటాడు. పికార్డ్ మొహం చూడాల నువ్వు. అబ్బ! నేనప్పుడే చెప్పలా? పొయినోళ్ళ మనుషులు వచ్చి అడుగుతారని చెప్పలా?"

చెప్పాడు, నిజమే. ఇంకో ఇరవై నిమిషాలు ఆ సీనే చెప్పాడు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ గొంతు తగ్గించాడు అన్నీ. బావ కులాసాగా ఉన్నాడని, ఊళ్ళో ఎరువుల కొట్టు పెట్టాడని మధ్యలో చెప్పి మళ్ళీ సిస్కో దగ్గరికే పోయాడు. ఆ వారం మా ఊళ్ళో వచ్చినప్పుడు నేనూ చూశాను. వాడు చెప్పినంత బాగా లేదు.